ప్యాకెట్ వెనకవైపు

(యథార్థ గాథ. కుటుంబం కోరిక మేరకు పేర్లు రాయడం లేదు.)

గుంటూరు ఆర్టీసీ బస్టాండు. ఒంగోలు బస్సు ఇంకా రాలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న దద్దోజనం డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. అమ్మమ్మ పక్కన తొమ్మిదేళ్ల మనవరాలు కొట్లో వేలాడుతున్న ప్యాకెట్ల వైపే చూస్తోంది.

"బాబూ, ఈ చెక్కలు బియ్యప్పిండివేనా?"

"చెక్కలంటేనే బియ్యప్పిండి కదా మామ్మగారూ! గోధుమెందుకుంటుంది?"

కొట్టతను అబద్ధమాడలేదు. తనకు తెలిసింది చెప్పాడు.

ఆ పిల్లకు సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ కడుపులోకి వెళ్తే ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. ఉత్తరాదితో పోలిస్తే మన వైపు ఈ జబ్బు బాగా తక్కువ. అందుకే పొట్ట ఉబ్బి, రక్తం తగ్గి, ఎదుగుదల ఆగిన పిల్లకు ముందు నులిపురుగుల మందే పోశారు. రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేశాక గానీ అసలు సంగతి తేలలేదు. పథ్యం తప్ప మందు లేదు, అదీ జీవితాంతం.

చపాతీ, ఉప్మా, సేమ్యా, బిస్కెట్లు అన్నీ మాన్పించారు. అయినా తర్వాతి రక్తపరీక్షలో ఈ జబ్బును చూపే యాంటీబాడీలు అనుకున్నంత తగ్గలేదు. "బళ్లో ఎవరి దగ్గరో తింటున్నావు కదూ?" అని తల్లి నిలదీసింది. తినలేదని పిల్ల ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు.

అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. ప్యాకెట్ మీద తెలుగు లేదు. వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి సరిపోతుంది. తెలుగునాట అమ్ముకునే తిండి మీద తెలుగు తప్పనిసరి కాకపోవడం నాకు పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది. చివరికి ఆకలితో ఉన్న పిల్లే వెనక్కి తిప్పి చదవాల్సి వచ్చింది.

"రైస్ ఫ్లోర్... పామోలిన్... చిల్లీ... కాంపౌండెడ్ అసఫోటిడా..." వేలు ఆగింది. "బ్రాకెట్లో వీట్ ఫ్లోర్ అని ఉంది అమ్మమ్మా."

"అసఫోటిడా అంటే?"

"ఇంగువండీ" అన్నాడు కొట్టతను, తనూ వంగి చూస్తూ.

అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. పొద్దున దద్దోజనంలో ఇంగువ పోపు పెట్టింది తనే.

ముడి ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ఘాటెక్కువ. అందుకే గోధుమపిండో మరో పిండో, తినే బంకా కలిపి పొడిచేసి అమ్ముతారు. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటకూడదు. అంత గట్టి హద్దు పెట్టిన చోట, రోజూ పప్పులో, చారులో పడే చిటికెడు పొడి ఎవరికి గుర్తొస్తుంది?

అక్కడే తల్లికి ఫోన్ చేశారు. వంటింట్లో డబ్బా తిప్పి చూస్తే అదే గోధుమపిండి.

"నేను తినలేదని చెప్పానుగా!" పిల్ల ఫోన్‌లోనే అరిచింది.

ఆ ఇంట్లో పోపుకి ఇప్పుడు వెల్లుల్లే. ఆ తర్వాతి పరీక్షలో యాంటీబాడీలు దిగాయి. బయటికెళ్తే వేరుశనగ పట్టీ కొంటారు. అదైనా చదివాకే. బెల్లం, పల్లీలు తప్ప ఇంకేం ఉండకూడదు, కింద "మే కంటైన్ వీట్" అన్న చిన్న అక్షరాలూ ఉండకూడదు. కార్న్‌ఫ్లేక్స్‌లో బార్లీ మాల్ట్, మసాలా చిప్స్ పొడిలో గోధుమ ఉండొచ్చని పిల్లకు తెలుసు. నిరుడు కొన్న రకమే అయినా మళ్లీ చదువుతుంది. ముందువైపు బొమ్మ మారకుండానే లోపలి సరుకు మారిపోవచ్చు.