అజర్యా: ఒకే పేరు, ఎందరో మనుషులు



అజరయ్య అనగానే మన వరంగల్ వైపు వాళ్లకు డోర్నకల్ బిషప్ గారే గుర్తొస్తారు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు ఆయన. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మన బైబిల్లో ఈ పేరు అజర్యా. మన నాలుక దానికి ఒక 'అయ్య'ను చేర్చుకుంది.

యెహోవా సహాయం చేశాడు అని ఈ పేరుకు అర్థం. లేఖనాల్లో ఇరవై మందికి పైగా ఈ పేరుగలవారు ఉన్నారు. యెహోషాపాతు కొడుకుల్లోనే ఇద్దరు అజర్యాలు (2 దిన 21:2). అన్న యెహోరాము రాజు కాగానే తమ్ములందరినీ కత్తితో చంపాడు. సహాయం అనే పేరున్న ఆ ఇద్దరూ అందులోనే పోయారు. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

ఉజ్జియా రాజుకు కూడా 2 రాజులు 15లో ఇదే పేరు. యాబై రెండేళ్లు ఏలాడు. గర్వించి ధూపం వేయడానికి ఆలయంలోకి వెళ్తే, ఎనభైమంది యాజకులతో వెళ్లి అడ్డుకున్నవాడి పేరు కూడా అజర్యాయే (2 దిన 26:17). రాజు కుష్ఠరోగియై బయటికి వచ్చాడు. ధూపవేదిక దగ్గర ఎదురెదురుగా నిలబడిన ఇద్దరిదీ ఒకే పేరు!

నెహెమ్యా 3:23లోని అజర్యా చేసిన పని గురించి తెలిసింది ఒక్కటే: తన ఇంటి దగ్గర గోడ బాగుచేశాడు. మన కొత్తవాడలో జంపఖానాల మగ్గం ఇంట్లోనే ఉన్నట్టు, ఇతని పనీ గడప పక్కనే.

ఇక దానియేలు స్నేహితుడు అజర్యా. బబులోను అధికారి అతనికి అబేద్నెగో అని పేరు పెట్టాడు. నెబో అనే వాళ్ల దేవుని దాసుడు అని దాని అర్థమని పండితులంటారు. అగ్నిగుండం అధ్యాయమంతా అతను అబేద్నెగోయే. మన సండేస్కూల్ పిల్లలకూ ఆ పేరే తెలుసు. కానీ 2:17 చూడండి. దానియేలు తన ఇంటికి వెళ్లి ప్రార్థన సంగతి చెప్పినప్పుడు అతను మళ్లీ అజర్యా. కొలువులో ఒక పేరు, ప్రార్థన చేసే ఇంట్లో ఒక పేరు.

మనలో ఎంతోమందికి ఇది కొత్త కాదు. సర్టిఫికెట్లో ఒక పేరు, మందిరంలో ఇంకో పేరు. కారణాలు మనకు తెలిసినవే. వాళ్లను తక్కువగా చూసే మాటలు సంఘంలోనే విన్నాను, బాధపడ్డాను.

పోయిన నెల బాప్తిస్మానికి సిద్ధపడుతున్న ఒక అబ్బాయి అడిగాడు: "అయ్యగారూ, కార్డుల పేరు మార్చుకోకుంటే దేవుడు ఒప్పుకోడా?" బైబిల్ చేతికిచ్చి దానియేలు 2:17 చదివించాను. రెండుసార్లు చదివాడు. పక్కనున్న వాళ్లమ్మ, "ఇంట్ల మేం చిన్నోడా అనే పిలుస్తం అయ్యగారూ" అని నవ్వింది.