ఇందూరు సభ వయసెంత?

డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో ఒక్క సాహిత్య సభకు వెళ్లొస్తే మన విశ్వవిద్యాలయాల సభలన్నీ చూసినట్టే. వేదిక వెనక ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, స్వాగత వచనాలు, అతిథి పరిచయం, ప్రసంగం, పరిశోధక విద్యార్థుల పత్ర సమర్పణ, చివర శాలువా, వందన సమర్పణ. ఈ వరస ఎంత అలవాటైపోయిందంటే, దీన్ని యూజీసీ వాళ్లే రాసి పంపారేమో అనిపిస్తుంది. కానీ ఈ విశ్వవిద్యాలయం పుట్టింది 2006లో. ఇందూరు, అంటే నిజామాబాద్, సభ దానికన్నా చాలా పెద్దది. అందులో ఒక్కో అంగం ఒక్కో చోటి నుంచి వచ్చి చేరింది.

అన్నిటికన్నా పాతది శాలువా. దాని వెనక రాజాస్థానం ఉంది. వేములవాడ చాళుక్యులు మొదట ఏలింది ఈ జిల్లాలోని బోధన్ నుంచే. అప్పట్లో దాని పేరు పోదన. ఆ వంశంలోని రెండో అరికేసరి ఆస్థానంలో పంపకవి 941 ప్రాంతంలో కన్నడంలో కావ్యాలు రాశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల గుట్ట మీద వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలూ ఉన్నాయి. కవికి రాజు అగ్రహారం ఇచ్చిన సంగతి కూడా ఆ శాసనమే చెబుతుంది. కవిని పిలవడం, వినడం, సత్కరించి పంపడం ఈ నేలకు కొత్త కాదు.

అధ్యక్షుడు, ఎజెండా, మైకు ముందు తెలుగు ప్రసంగం మాత్రం నిన్నమొన్నటివి. వాటి కోసం కొట్లాడాల్సి వచ్చింది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇతర భాషల్లో ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే మాత్రం సభలో గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రోజులవి. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి ఉండాల్సిందే. ఏం మాట్లాడతారు, ఎవరు మాట్లాడతారు అన్న ఆరా సభ కన్నా ముందే మొదలయ్యేది.

ఆ మహాసభ ఆరో సమావేశం 1937లో నిజామాబాద్‌లోనే జరిగింది. అప్పటికి నిజాంసాగర్ నీళ్లు పొలాలకు పారుతున్నాయి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేస్తోంది. అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు ఉర్దూ పత్రిక 'రయ్యత్' సంపాదకుడు. తెలుగు హక్కుల సభకు ఉర్దూ పత్రికాకారుడు పెద్దగా కూర్చోవడం ఇందూరులో ఎవరికీ వింత అనిపించదు. ఇక్కడ ముషాయిరాలకూ కవి సమ్మేళనాలకూ శ్రోతలు వాళ్లే. మంచి పంక్తి పడితే "వాహ్వా" అని, మళ్లీ చదివించుకునే అలవాటు ముషాయిరా నుంచే మన కవి సమ్మేళనంలోకి వచ్చింది. గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథికి ఆ రుచి బాగా తెలుసు.

ఆ దాశరథి గొంతు ఈ ఊళ్లో బందీగా వినిపించింది. పోలీసు చర్యకు ముందు రోజుల్లో ఆయన్ని ఇందూరు ఖిల్లా జైల్లో పెట్టారు. అక్కడే దేశోద్ధారక గ్రంథమాల స్థాపకుడు వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఉన్నారు. కాగితం, కలం ఇవ్వలేదు. పళ్లు తోముకోను ఇచ్చిన బొగ్గుతో దాశరథి గోడ మీద పద్యం రాసేవారు, జైలు సిబ్బంది చెరిపించేవాళ్లు, ఆళ్వారుస్వామి దాన్ని నోటికి పట్టేవారు అని చెప్పుకుంటారు. చదివేవాడొకడు, వినేవాడొకడు, అడ్డుకునేవాడొకడు. ఇందూరు చరిత్రలో ఇంతకన్నా చిన్న సభ లేదు, ఇంతకన్నా పెద్ద సభా లేదు. 1949లో అచ్చయిన 'అగ్నిధార'ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

ఇక పత్ర సమర్పణ ఉస్మానియా నుంచి వచ్చింది. బోధన అంతా ఉర్దూలో సాగిన ఆ విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖకు తొలి పెద్ద రాయప్రోలు సుబ్బారావు. స్వాతంత్ర్యం తర్వాత అదే శాఖలో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద చేసిన పరిశోధనతో ఊరి పాట కూడా పత్రానికి వస్తువైంది. 1956లో నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కళాశాల మొదలయ్యాక ఆ పద్ధతి ఇందూరుకూ చేరింది. మూలం ఎక్కడ, ఆధారం ఏది అని అడిగే అలవాటు దానితోనే వచ్చింది. 2006 తర్వాత బోధన్ చెరకు పల్లెల పిల్లలకు ఎంఏ తెలుగు బస్సు దూరంలోకి వచ్చింది. డిచ్‌పల్లి ప్రాంగణంలో తెలుగు శాఖతో పాటు ఉర్దూ శాఖ కూడా ఉంది.

అంటే ఈ విశ్వవిద్యాలయం సభను కనలేదు, దత్తత తీసుకుంది. దత్తత అన్నాక ఆస్తితో పాటు బాధ్యతా వస్తుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి సభ పెట్టి ఊరుకోలేదు, 354 మందితో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశారు. జైలు పద్యం ఒకరి జ్ఞాపకంలో నిలిచి పుస్తకానికి ఎక్కింది. ఇప్పుడు మైకుంది, హాలుంది, అడ్డుకునేవాడు లేడు. అయినా చాలా సభల్లో మర్నాటి పేపర్లో ఫొటో మిగులుతుంది కానీ ప్రసంగ పాఠం మిగలదు. ప్రతి ప్రసంగాన్నీ రికార్డు చేసి, ఎత్తి రాసి, ఏడాదికో సంచికగా వేయడం ఏ తెలుగు శాఖకైనా తలకు మించిన పని కాదు. ఆ ఒక్కటీ జరిగితే రేపటి పరిశోధకుడు ఇందూరు సభ చరిత్రను ఎవరెవరో చెప్పుకున్న మాటల మీద కాకుండా, అచ్చులో ఉన్న ఆధారాల మీద రాయగలుగుతాడు.