ఇనుమునకును మందునకును గల వైరము

ఇనుము నెత్తురునకు బలమనియు, మందు రోగమును హరించుననియు మన మెఱుగుదుము. ఈ రెండును ఒక్కపూటనే కడుపున జేరినచో నేమగునో, అమెరికా మొదలు మన పటాన్‌చెరువు దాక నడచిన యా కథను నేడు నేను విన్నవించెదను.

భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా నుండిరి. వారి పర్యవేక్షణమున డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని బూజువంటి సూక్ష్మజీవి నుండి బంగారువన్నె గల మందును సాధించెను. అదియే ఆరియోమైసిన్; టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. 1948లో అది లోకమునకు వెల్లడి యయ్యెను. ఆ యేటనే సుబ్బారావుగారు పరమపదించిరి.

ఈ జాతి మందు కడుపులో ఇనుము తారసపడగానే దానిని పట్టుకొని ముడివడును. ఆ ముడి ప్రేవుల గోడను దాటి నెత్తురున జేరలేక, చాలవఱకు మలముతో వెడలిపోవును. 1970లో ఫిన్లండు పరిశోధకులు ఈ రెంటిని కలిపి మనుష్యులకిచ్చి నెత్తురు పరీక్షింపగా, మందు రకమును బట్టి నూటికి 40 మొదలు 90 పాళ్ల వఱకు తగ్గినట్లు తేలెను.

సిప్రోఫ్లాక్సాసిన్ అను మఱియొక మందును ఇనుముతో నిట్లే ముడివడును. మన సంగారెడ్డి సీమ కర్మాగారములలో తయారైన మందులలో నిదియు నొకటి. పటాన్‌చెరువు వద్ద సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడిన నీటిలో ఈ మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. మందు మ్రింగిన రోగి నెత్తురులో నుండుదానికంటె నిది యెక్కువ! ఆనాడు ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు పోవుచుండెను. మందు సోకియు చావక మిగిలిన సూక్ష్మజీవులు దానికి లొంగకుండుట నేర్చుకొనును. వాగులో మందు కలియుట యెంత చేటో, రోగి నెత్తురులో మందు చాలకపోవుటయు నంతే చేటు.

కావున ఇనుపమాత్రలు వాడువారు ఆ సంగతిని వైద్యునకు ముందే చెప్పవలయును. సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఇనుపమాత్రకు రెండుగంటలు ముందుగానో, ఆఱుగంటలు తరువాతనో మ్రింగవలయును. పెన్సిలిన్‌కు ఈ చిక్కు లేదు. ఇనుమును మాత్రము మానరాదు; వేళ మార్చినచో చాలును. మందునకు పథ్యము పాటించుట మన పెద్దలు నేర్పినదే. ఇదియు నట్టి పథ్యమేయని యింటివారికి చెప్పుడు.