ఈతకొలను గిలాబా పునరుద్ధరణ

ఈతకొలను గిలాబా పునరుద్ధరణ యనఁగా, కాంక్రీటు తొట్టి లోపల తెల్లసిమెంటు, చలువరాతిపొడి కలిపి సుమారు 10 నుండి 13 మిల్లీమీటర్ల మందమున వేసిన పూఁత జీర్ణించి పగుళ్లువాఱినపుడు, దానిని చెక్కివైచి క్రొత్తపూఁత వేయు ప్రక్రియ. ఇనుపకడ్డీల అల్లికపై కాంక్రీటును చిమ్మి ఇట్టి తొట్లను కట్టు పద్ధతికి, 1907 ప్రాంతమున షికాగోలో కార్ల్ ఏక్లీ నిర్మించిన సిమెంటు తుపాకి మూలము. వెండ్రుకవంటి పగుళ్లు ప్రాయికముగా పూఁతకే పరిమితములు. తొట్టినే భేదించిన పగుళ్లను ముందుగా ఎపాక్సీతో పూడ్చనిదే, పైపూఁత యెంత చక్కనిదైనను ఆ రేఖ వెంబడినే మరల పగులును. నీరు తోడివేయుటయు అపాయరహితము కాదు: భూగర్భజలము పైకుబికిన తావులలో రిక్తమైన తొట్టి ఆ యొత్తిడికి నేలనుండి లేవఁగలదు గనుక, అడుగుననున్న పీడన విమోచక కవాటమును పరీక్షించుట ప్రధానము. పూఁత ముగిసినపిదప కొలనును ఎడతెగక నింపుదురు. నడుమ నాపినచో నీటియంచు వెంబడి చారిక నిలిచిపోవును.