ఎద్దుల జత నుండి అశ్వశక్తి దాకా: తెలుగు సేద్యంలో బరువు పనిముట్లు, పాత ట్రాక్టరు శక్తి

వ్యాససంగ్రహం:
బరువైన పనిముట్టును లాగడానికి పశువుల కాలంలో రైతు ఎద్దుల జతను చేర్చాడు. యంత్రాల కాలంలో ఇంజనుకు శక్తిని చేర్చడానికి ప్రయత్నిస్తున్నాడు. ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడాను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అరక, మడక, అశ్వశక్తి, ట్రాక్టరు, రోటవేటరు, మీరాలం చెరువు.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురా మీదుగా, నెహ్రూ జంతుప్రదర్శనశాల పక్కగా సాగే రహదారి ఆరాంఘర్ చేరుతుంది. దానికి సమీపంలోనే రాజేంద్రనగర్ ఉంది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అప్పట్లో అదే కేంద్రంగా ఉండేది. అంతకు రెండేళ్ల ముందు, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించింది. ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు 1959లో తయారైంది. మద్రాసులో టాఫే సంస్థ 1960లో ఏర్పడింది. అంటే నాగలి పదజాలం గ్రంథస్థమవుతున్న కాలంలోనే నాగలికి పోటీ వచ్చే యంత్రం కూడా దేశంలో తయారవుతూ వచ్చింది.

2. శక్తిని కొలిచిన తీరు:
తెలుగు రైతు శక్తిని పశువుతోనే కొలిచాడు. ‘రెండరకల సేద్యం’, ‘నాలుగు నాగళ్ల రైతు’ అన్న మాటలు భూమినీ, పశుసంపదనూ, ఆసామి స్థాయినీ ఒకేసారి చెబుతాయి. జేమ్స్ వాట్ నిర్ణయించిన ‘హార్స్‌పవర్’ మనకు ‘అశ్వశక్తి’ అయింది. ఎద్దులతో దున్నిన నేలకు గుర్రం కొలమానంగా వచ్చింది.

రాయలసీమ నల్లరేగడిలో లోతుగా పాతుకున్న గడ్డిని పెకలించడానికి ‘పెద్దమడక’ను వాడేవారు. దానికి ఒక జత చాలదు. అనేక జతలను వరుసగా పూన్చేవారు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఒక జతను చేర్చినప్పుడు బలం ఒక్కటే పెరగదు. దానితోపాటు నేలపై ఆనే బరువు, పట్టుకొనే గిట్టలు, లాగే మెడలు కూడా పెరుగుతాయి. శక్తీ, దానిని మోసే సాధనమూ కలిసే వస్తాయి.

3. యంత్రంలో విడిపోయిన శక్తి:
హెచ్.ఎం.టి. సంస్థ 1971లో పింజోరులో జెటర్ సహకారంతో మొదలుపెట్టిన ట్రాక్టరు 25 అశ్వశక్తులది. ఆనాటి కల్టివేటరుకూ ట్రాలీకీ అది సరిపోయింది. నేడు వాడుకలోకి వచ్చిన ఆరడుగుల రోటవేటరుకు సాధారణంగా 45 నుండి 50 అశ్వశక్తులు కావాలి. ఈ వ్యత్యాసమే పాత ట్రాక్టరు శక్తిని పెంచాలన్న ఆలోచనకు మూలం.

అందుకు సులువుగా కనిపించే మార్గం ఇంధన పంపులో డీజిలు మోతాదు పెంచడం. కాని డీజిలు మండడానికి తగిన గాలి కావాలి. గాలి పెరగకుండా ఇంధనం మాత్రమే పెరిగితే మిగిలేది నల్లపొగ, అధిక వేడి, పిస్టన్లకు చేటు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు పొందిన టర్బోఛార్జరు గాలి కొరతను తీర్చగలదు. అయినా పాత క్లచ్చి, గేరుపెట్టె, వెనుక ఇరుసు, రేడియేటరు మునుపటివే. ఇంజను ఇచ్చే అదనపు బలాన్ని అవి మోయలేకపోతే తెగేది అక్కడే. ఎద్దు కుంటుపడితే పొరుగువాని ఎద్దును అడిగి తెచ్చుకోవచ్చు. అదునులో గేరుపెట్టె పగిలితే చిన్నరైతు చేను బీడుగా మిగలవచ్చు.

బరువు పనికి ఇంజను శక్తి ఒక్కటే ఆధారం కాదని హ్యారీ ఫెర్గూసన్ నిరూపించాడు. ఆయన రూపొందించిన మూడు బిందువుల లంకె, హైడ్రాలిక్ నియంత్రణల వల్ల నాగలి భారం వెనుక చక్రాలపైకి చేరి, తేలికపాటి ట్రాక్టరుకు కూడా నేలపై పట్టు దొరికింది. చక్రాలకు ఇనుప దిమ్మెలు తగిలించడం, టైర్లలో నీరు నింపడం కూడా ఈ సూత్రాన్నే అనుసరిస్తాయి. అయితే ఇవి లాగే పనిముట్లకే మేలు చేస్తాయి. రోటవేటరు ఇంజను శక్తితో నేరుగా తిరుగుతుంది కనుక దాని వెడల్పు తగ్గించుకోవడమే మార్గం.

బహదూర్‌పురాకు చేరువలోని మీరాలం చెరువుకట్ట ఇక్కడ గుర్తుకు వస్తుంది. 19వ శతాబ్దపు తొలి దశకంలో కట్టిన ఆ కట్ట నీటి ఒత్తిడిని ఒకే గోడపై మోపదు. 21 అర్ధచంద్రాకార కమానులు దానిని పంచుకొంటాయి. భారం పెరిగినప్పుడు దానిని ఎక్కడెక్కడ మోయించాలన్నదే నిర్మాణకర్తకైనా, రైతుకైనా మొదటి ప్రశ్న.

4. ముగింపు:
• పశుసేద్యంలో శక్తి, బరువు, పట్టు కలిసి పెరిగాయి. ట్రాక్టరులో అవి విడివిడి భాగాలకు చెందాయి.
• కనుక అశ్వశక్తిని మాత్రమే పెంచడం ఎద్దుల జతను చేర్చడంతో సమానం కాదు.
• పాత ట్రాక్టరుకు తగిన వెడల్పు గల పనిముట్టును ఎంచుకోవడం, పెద్ద పనికి అద్దె యంత్రాన్ని ఆశ్రయించడం చిన్నరైతుకు క్షేమకరం.
• క్లచ్చి, గేరు, ఇరుసు వంటి మాటలతో మెకానిక్కులూ రైతులూ పెంచుకొన్న ట్రాక్టరు పదజాలాన్ని నాగలి పదాల వలెనే సేకరించవలసి ఉంది. ఈ కృషికి తెలుగు శాఖలు పూనుకోవాలి.