ఓడలను రప్పించిన రెండు తీరములు

దక్షిణాపథమునకు పడమట అరేబియా సముద్రము, తూర్పున బంగాళాఖాతము కలవు. భూమి యొక్కటియే యైనను ఈ రెండు తీరములకును పోలిక తక్కువ. పడమట సహ్యపర్వతములు సముద్రమునకు చేరువగా గోడవలె నిలిచి, నైరుతి మేఘముల నడ్డగించి, ఇరుకైన తీరభూమిని వానలతో తడుపుచున్నవి. అచ్చటి నదులు పొట్టివి, వడిగలవి. ముంబయి, గోవా, కొచ్చిన్ వంటి చోటుల సముద్రము భూమిలోనికి చొచ్చుకొని వచ్చి ఓడలకు నీడనిచ్చుచున్నది. తూర్పున నట్లు గాదు. కొండలు తెగి వెనుకకు తొలగినవి. గోదావరి, కృష్ణ, పెన్న, కావేరి దూరదేశముల మట్టిని మోసికొని వచ్చి విశాలమైన లంకభూములను పరచినవి. పైరున కది వరమే గాని ఓడకు వరము కాదు. ఒడ్డున నీరు లోతు లేదు. నదీముఖములను ఇసుకమేటలు మూయుచుండును. ఆశ్వయుజ కార్తికములలో తుపానులు చెలరేగును.

పడమటి తీరమునకు విదేశపు ఓడలు వచ్చుటలో వింత లేదు. ఇంత నిలువనీడ లేని తూర్పు తీరమునకు రెండువేల యేండ్లుగా అవి యేల వచ్చినవి? ఈ ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానము తెలిసికొనదగినది.

మొదట పడమటి తీరమును చూతము. అచ్చటి ఆకర్షణ మిరియము. సహ్యపర్వతముల నీడలో, వానతడిలో, చెట్ల నల్లుకొని పెరుగు ఆ తీగయే యవనులను రప్పించినది. క్రీస్తుశకము తొలి శతాబ్దిలో ఎఱ్ఱసముద్రపు రేవులనుండి ఓడలు వేసవి చివర బయలుదేరి, నైరుతి గాలిని నమ్ముకొని నడిసముద్రమున పడి, కేరళతీరమున ముజిరిస్ అను రేవును చేరెడివి. గాలి మరలిన పిదప శీతకాలమున తిరిగి పోయెడివి. హిందూదేశపు సరకులకై యేటేట అయిదుకోట్ల సెస్టెర్సుల ధనము రోము సామ్రాజ్యమునుండి తరలిపోవుచున్నదని ప్లినీ అను పండితుడు వాపోయెను. 408వ సంవత్సరమున రోము నగరమును ముట్టడించిన గోతుల నాయకుడు అలారిక్, ముట్టడి విడచుటకు కోరిన వెలలో బంగారు వెండులతోపాటు మూడువేల పౌనుల మిరియములు కూడ నుండెను. కేరళపు కొండచరియలలో పండిన గింజ అంత దూరమున నొక నగరపు ప్రాణమునకు వెలయైనది.

తూర్పు తీరమున నట్టి తీగ లేదు. అచ్చట మగ్గ ముండెను. ఆ తొలి శతాబ్దిలోనే యొక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథము, మసాలియా యను దేశమున సన్నని నూలుబట్టలు విస్తారముగా తయారగునని చెప్పుచున్నది. అది కృష్ణాముఖ ప్రాంతమని చరిత్రకారుల మతము. తరువాతి శతాబ్దిలో టాలెమీ పేర్కొనిన కొంటకోస్సిల నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాల యని పండితులు గుర్తించిరి. సువర్ణభూమికి పోవు నావలు తీరమును విడచి నడిసముద్రమునకు తిరుగు చోటును గూడ నాతడు ఈ తూర్పు తీరముననే చూపెను. శాతవాహనులు నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడను ముద్రించిరి. ఓడను నాణెముపై నెక్కించుకొనిన రాజ్యమున సముద్రవర్తకమునకు గల గౌరవ మెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చట నేలతల్లి సాయము బొత్తిగ లేకపోలేదు. నిజాంపట్టణపు పరిసరముల ఇసుకనేలలలో చిరివేరు అను చిన్నమొక్క పెరిగెడిది. దాని వేరునుండి తీయు ఎఱుపు, ఉతికినకొలది నిగ్గు తేలెడిది. కాని మిరియము కోసి యెండబెట్టినంతనే సరకగును. చిరివేరు సరకగుటకు పలువురి చేతులు కావలెను. ప్రత్తి పండించు రైతు, నూలు వడకు ఇల్లాలు, నేయు సాలీడు, కరక్కాయ నీట ముంచి అద్దకము వేయు పనివాడు, ఏటినీట ఉతికి యారవేయు చాకలి, వీరందరి శ్రమ కలిసిననే కలంకారీ వస్త్రము. పడమటి తీరపు సరకు కొండ యిచ్చినది. తూర్పు తీరపు సరకు ఊరు చేసినది. రెండు తీరములకును గల ముఖ్యభేద మిదియే.

సరకున్నంత మాత్రమున ఓడ రాదు. వర్తకునకు అభయము కావలెను. ఆ కాలమున అనేక రాజ్యములలో నొక క్రూరమైన ఆచార ముండెను. తుపానున దారితప్పి యొడ్డున పడిన ఓడలోని సర్వస్వమును ఆ యొడ్డు నేలు రాజు స్వాధీనము చేసికొనెడివాడు. సముద్రము మిగిల్చిన దానిని భూమి దోచుకొనెడిది. తుపానులకు నెలవైన తూర్పు తీరమున నీ భయ మెంతటిదో ఊహింపవచ్చును.

దీనిని తొలగింప బూనినవాడు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. 1244లో నాతడు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున అభయశాసనమును చెక్కించెను. ద్వీపాంతరములనుండి వచ్చి గాలివానకు చెడి తీరమున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు వానిని పూర్వరాజులు బలిమిని గైకొనెడివారనియు, ప్రాణముకంటె ధనమును ప్రియముగా నెంచి సముద్రసాహసము చేయువారి సొత్తును తాను న్యాయమైన సుంకము తప్ప ముట్టననియు నందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము; చందనము, కర్పూరము వంటి వానికి వేరు వేరు రేట్లు. ఈ మాట రాజసభలో పలికి మఱచినది కాదు; రేవున దిగిన ప్రతివాడును చూచునట్లు రాతిపై వ్రాసినది. కొండవీటి అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లియందు వర్తకులకు సుంకములు తగ్గించి, స్వేచ్ఛగా క్రయవిక్రయములు జరుపుకొనవచ్చునని మరల శాసనము వేయించెను.

ఆ అభయము ఫలించెననుటకు మార్కోపోలో వ్రాతయే సాక్షి. పదుమూడవ శతాబ్ది చివరి భాగమున నాతడు ముత్‌ఫిలి యను పేర మోటుపల్లి రాజ్యమును వర్ణించుచు, అచ్చటి వస్త్రములను సాలెగూటి దారములతో పోల్చెను. ఆ రాజ్యము నేలిన రాణి న్యాయశీలయని కొనియాడెను. ఆమె రుద్రమదేవి. గణపతిదేవుని కుమార్తెను భార్యయని యాతడు పొరబడెను గాని, ఆమె పాలనను గూర్చి పొరబడలేదు.

పడమటి తీరమును ఈ ధర్మమునందు వెనుకబడలేదు. కొల్లమునందు 849లో వేణాటి పాలకుడు అయ్యనడిగళ్ అచ్చటి క్రైస్తవ దేవాలయమునకు తామ్రశాసనమున హక్కుల నొసగెను. యూదులును, అరబ్బులును ఆ తీరమున స్థిరపడి తమ తమ మతముల నవలంబించుచు వర్తకము సాగించిరి. 1442లో హీరాతునుండి రాయబారిగా కళ్ళికోటకు వచ్చిన అబ్దుర్ రజాక్, ఆ రేవునందలి భద్రతను చూచి యాశ్చర్యపడెను. ఇతర రేవులలో గాలికి కొట్టుకొని వచ్చిన ఓడను దోచుకొందురు గాని, కళ్ళికోటలో ఏ యోడనైనను ఒక్క తీరుననే చూతురని యాతడు వ్రాసెను. మోటుపల్లి రాయి చెప్పిన ధర్మమును రెండువందల యేండ్ల తరువాత కళ్ళికోటలో నొక పారసీకుడు కన్నులార చూచెనన్నమాట. సరకులు వేరైనను రెండు తీరముల నిలిపిన నీతి యొక్కటియే.

1498లో వాస్కో డ గామా కళ్ళికోట చేరెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టిరి. తాము వ్రాసి యిచ్చిన అనుమతిపత్రము లేని ఓడను పట్టుకొను హక్కు తమకు కలదని వారు సముద్రముననే శాసింపసాగిరి. అదివరకు వ్రాత ఓడకు అభయమిచ్చెడిది. ఇపుడు వ్రాత ఓడను బెదరించెను.

తరువాత వచ్చిన డచ్చివారు మిరియములకును, జాజికాయ లవంగములకును వచ్చినవారే. కాని తూర్పుదీవులలో వానిని పండించువారు వెండికంటె మన బట్టనే మిక్కుటముగ కోరుచుండిరి. బట్ట లేనిదే లవంగము లేదు. అందుచేత వారు పదునేడవ శతాబ్ది తొలి సంవత్సరములలోనే మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. 1611లో ఇంగ్లీషువారును వచ్చిరి. 1639లో ఇంగ్లీషువారు చెన్నపట్టణమున స్థలము సంపాదించినపుడు అచ్చట రేవే లేదు. ఓడలు దూరమున లంగరు వేయగా, కొబ్బరిత్రాళ్లతో పలకలను కుట్టిన పడవలలో మన పల్లెకారులు కెరటముల మీదుగా మూటలను చేరవేసెడివారు. రేవు లేని చోట గొప్ప పట్టణము వెలసెనన్నచో అది నేతగాని చేతిచలువ, పడవవాని గుండెనిబ్బరము.

ఆ చేతికి దెబ్బ తగిలినపుడు ఆ తీరము కళ తప్పెను. అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించుచు ఇంగ్లండు 1700లో చట్టము చేసెను. 1721లో వాని వాడుకనే నిషేధించెను. పందొమ్మిదవ శతాబ్దిలో లాంకషైరు మరబట్ట మన యూళ్లలోనికే వచ్చి పడెను. కొన్న దేశమే అమ్ముదేశమాయెను. 1864 నవంబరు 1న తుపాను బందరును ముంచి సుమారు ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. అయినను ఆ రేవును చంపినది తుపాను ఒక్కటియే యనుట సత్యము కాదు. పూర్వము ఉప్పెన లెన్ని వచ్చినను వస్త్రమున్నంతకాలము ఓడలు మరల వచ్చుచునే యుండెను. మగ్గ మాగిన తరువాత వచ్చిన ఉప్పెన నుండి తేరుకొనుట కష్టమైనది. పడమటి మిరియమునకు ఇట్టి గతి పట్టలేదు. తీగను చట్టముతో ఎండింప నెవరి తరము? ఊరు చేసిన సరకునకు గల గొప్పయు, దానికి గల అపాయమును ఇందు తెలియుచున్నవి.

ఇరువదవ శతాబ్దిలో యంత్రము రెండు తీరముల భేదమును తగ్గించినది. కొచ్చిన్ ముఖద్వారపు ఇసుకతిప్పను త్రవ్వి 1928లో పెద్ద ఓడలకు దారి చేసిరి. విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ కొండచాటున బురదనేలను త్రవ్వి నిర్మించిన రేవు 1933లో తెరువబడెను. నేడు ధనమును యంత్రమును ఉన్నచో నిసుకతీరముననైనను రేవు కట్టవచ్చును. ప్రకృతి చేసిన పక్షపాతమును మనుజుడు సరిదిద్దుకొనెను.

కాని యంత్రము త్రవ్వలేనివి రెండు మిగిలియున్నవి. ఒకటి పనివాని నేర్పు. రెండవది పాలించువాని మాట. పెడనలో నేటికిని చెక్క అచ్చులతో బట్టపై పూవులు దిద్దుచునే యున్నారు. మోటుపల్లి శాసనమును నేటికిని చదువవచ్చును. తీరము గొప్పదా కాదా యని తేల్చునది నీటి లోతు మాత్రమే కాదు. ఆ యొడ్డున దిగిన పరాయివానికి దొరకు సరకును, అతని సొత్తునకు గల భద్రతయు అని ఆ రెండును సాక్ష్యము పలుకుచున్నవి.