పండక్కేం కావాలని అడిగితే

ఆ సరుగుడు మొద్దు కాస్త లోపలికి తొయ్యి అబ్బాయ్, పొగంతా నీ మొహం మీదకే వస్తోంది. మఫ్లరు చెవులకి చుట్టుకున్నావా? మంచిది. నువ్వు ఆఫీసు గొడవలు మొదలుపెట్టకముందే నేను నా ముచ్చట మొదలుపెడతాను. నాయనమ్మ మాట్లాడుతుంటే మనవడు ఊఁ కొట్టాలి, అది ఈ ఇంటి రివాజు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పెట్టడం తర్వాత సంగతి, అసలు అడగడం ఎంతమందికి చేతనవును? పెద్దవాళ్లని ఏం కావాలని అడిగి చూడు, అందరిదీ ఒకటే పాట. ఆరోగ్యం బాగుండాలి, ఉద్యోగం రావాలి, పిల్ల పెళ్లి కావాలి. అదే పదేళ్ల లోపు పిల్లల్ని అడుగు, ఎవడి పాట వాడిదే. మన చర్చిలో సండే స్కూలు చెప్పినన్నాళ్లూ డిసెంబరు మొదటి ఆదివారం పిల్లల్ని వరసగా నిలబెట్టి "పండక్కి ఏం కావాల్రా?" అని అడిగేదాన్ని. ఆ జవాబులు విన్నాక వచ్చే నవ్వుకే నాకు సగం పండగ అయిపోయేది.

ముందు ఆ రోజుల పండగ ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే నీకు తలాతోకా తెలియదు. హయ్యర్ అయ్యగారు 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషను పెట్టారు. మా ఊరి చిన్న చర్చి కూడా ఆ సంఘానిదే. చీరాలకి దిగువన, సముద్రం వారన ఊరు. క్రిస్మస్ చెట్టంటే సరుగుడు తోటలోంచి కొట్టుకొచ్చిన కొమ్మే. దాన్ని ఇసక నింపిన డొక్కు బకెట్లో నిలబెట్టి, సిగరెట్టు పెట్టెల్లో వచ్చే వెండి కాగితం కత్తిరించి వేలాడదీసేవాళ్లం. నక్షత్రానికి వెదురు బద్దలు మగపిల్లలు చీల్చాలి, మైదా జిగురు ఆడపిల్లలు ఉడికించాలి. జిగురు సగం కాగితానికి, సగం జడలకి. రాత్రిళ్లు పెట్రోమాక్స్ లైటు ఒకడు నెత్తిన పెట్టుకుంటే, వెనకాల హార్మోనియం, డోలకు, కంజీరలతో ఇంటింటికీ పాటలు. ఒక ఇంట్లో టీ, ఇంకో ఇంట్లో చెక్కలు. తెల్లారేసరికి గొంతులన్నీ బొంగురు.

బట్టల సంగతి మరీ ముచ్చట. ఏడాదికి ఒక్కసారే కొత్త బట్టలు. మా నాన్న చీరాల వెళ్లి తానులోంచి ఒక పెద్ద ముక్క చింపించుకొచ్చేవాడు. అన్నకి చొక్కా, తమ్ముడికి చొక్కా, నాకు పరికిణీ, మిగిలితే కిటికీకి తెర, అన్నీ ఆ ముక్కలోంచే. మేం కిటికీ పక్కన నిలబడితే ఎక్కడ ఇల్లు అయిపోయిందో, ఎక్కడ పిల్లలు మొదలయ్యారో తెలిసేది కాదు. పైగా "ఎదిగే పిల్లలు, వదులుగా కుట్టు" అని దర్జీకి హుకుం. పరికిణీ అంచుకి లోపల నాలుగు వేళ్ల మడత వదిలేవాడు. ఏటేటా ఆ మడత కొంచెం కొంచెం విప్పేది మా అమ్మ. విప్పినచోట గుడ్డ కొత్తదనంతో మెరుస్తూ ఒక గీత కనపడేది, దాని పైనంతా ఉతికి ఉతికి వెలిసిన రంగు. ఆ గీతలు లెక్కపెడితే ఆ పరికిణీ ఎన్ని పండగలు చూసిందో చెప్పెయ్యొచ్చు.

నేను సండే స్కూలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పిల్లాడు "నాకు జేబు కావాలి" అన్నాడు. చొక్కా కాదట, జేబు. ఇంట్లో నలుగురు అన్నల తర్వాతివాడు. వాడిదాకా వచ్చేసరికి ప్రతి చొక్కాకీ జేబు చినిగి ఊడిపోయి, కుట్టిన దారపు గుర్తు మాత్రం మిగిలేది. "జేబులో ఏం పెట్టుకుంటావురా?" అన్నాను. "ఏం లేదు టీచరమ్మా, చెయ్యి పెట్టుకుంటా" అన్నాడు. కుడుము చేతికిస్తే పండగ అనేవాళ్లని చూశాను గానీ, ఉత్త చెయ్యి పెట్టుకుంటే పండగ అన్నవాణ్ణి వాణ్ణే చూశాను. దర్జీ దగ్గర పీలికలు అడిగి తెచ్చి వాడి చొక్కాకి రెండు వైపులా రెండు జేబులు కుట్టాను. పండగ రోజు ఆరాధనంతా చేతులు జేబుల్లోనే. ప్రార్థనకి కూడా బయటికి తియ్యలేదు.

మా తమ్ముడి కోరిక చెప్పాలంటే డబ్బుల సంగతి చెప్పాలి. నీకు అణా తెలియదు. పదహారు అణాలు రూపాయి. అణా పెడితే మా ఊళ్లో రెండు ఇడ్లీలు, అడిగినంత చట్నీ. రెండణాలని బేడ అనేవాళ్లం, నాలుగణాలు పావలా. బేడ చేతిలో ఉన్న పిల్లాడు వీధిలో నడిచే నడకే వేరు. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి, రూపాయికి వంద. అణాకి ఆరు నయాపైసలని లెక్క కట్టారు. నాలుగణాలు ఒక్కసారి ఇస్తే పాతిక చేతికొస్తాయి. మా తమ్ముడు మహా జాగ్రత్తపరుడు కదా, ముంతలో దాచుకున్న పదహారు అణాలూ రోజుకొకటి చొప్పున తీసుకెళ్లి మార్చాడు. పదహారార్లు ఎంత? వేళ్లు చూసుకోకు, నోటితో చెప్పు. తొంభై ఆరు. వాడి రూపాయి నిండలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కి నీకేం కావాలంటే "నా నాలుగు నయాపైసలు" అన్నాడు. బట్టలొద్దు, అరిసెలొద్దు, ప్రభుత్వం దగ్గర ఉండిపోయిన ఆ నాలుగు నయాపైసలు కావాలి. మా నాన్న నవ్వకుండా నాలుగు నయాపైసలు లెక్కపెట్టి వాడి అరచేతిలో పోశాడు. వాడు తొంభై ఆరుతో కలిపి మళ్లీ మొదట్నించీ లెక్కపెట్టుకుని పడుకున్నాడు.

చిల్లర గొడవలో పడి ఎక్కడికో పోయాను. ఆ, నాటకం.

పండగ ముందు రాత్రి చర్చిలో యేసు పుట్టిన నాటకం వేసేవాళ్లం. పాత్రలు పంచడం పెద్ద తగాదా. ఒక ఏడు ఎనిమిదేళ్లవాడు నా కొంగు పట్టుకుని "నాకు బహుమతి వద్దు టీచరమ్మా, హేరోదు వేషం ఇప్పించండి" అని వెంటపడ్డాడు. యోసేపు వెయ్యరా అంటే, "యోసేపుకి కర్రొక్కటే. హేరోదుకి కుర్చీ ఉంది, కత్తి ఉంది, మీసం ఉంది" అన్నాడు. వాళ్లమ్మ గుండె బాదుకుంది, పసిపిల్లల్ని చంపించినవాడి వేషం నా బిడ్డకెందుకని. చివరికి వాడి పంతమే నెగ్గింది. కాటుకతో మీసం దిద్దాం, అట్టముక్కకి వెండి కాగితం చుట్టి కత్తి చేశాం. బేత్లెహేములో రెండేళ్ల లోపు మగపిల్లల్ని చంపండని ఆజ్ఞ ఇచ్చే ఘట్టం వచ్చింది. వాడు కత్తెత్తాడు. ముందు వరసలో వాళ్లమ్మ ఒళ్లో బుడ్డ తమ్ముడు నోట్లో వేలేసుకుని చూస్తున్నాడు. మనవాడు కత్తి దించేసి, "వద్దులే, వదిలెయ్యండి" అన్నాడు. భటులు ఎటు పోవాలో తెలియక వేదిక మీదే నిలబడిపోయారు. పాస్టరయ్యగారు లేచి మిగతా కథ నోటితో చెప్పాల్సొచ్చింది.

అదే నాటకంలో మూడో జ్ఞానిగా వేసిన ఆడపిల్లకి ఇంకో సందేహం. బంగారం సరే, సాంబ్రాణి సరే, చేదు బోళం పసిగుడ్డుకెందుకని. "నేను ఉగ్గుగిన్నె, వసకొమ్ము పట్టుకెళ్తాను" అంది. ఇంట్లో కొత్తగా చెల్లెలు పుట్టింది మరి, దానికి తెలిసిన కానుకలు అవే. ఉగ్గుగిన్నే పట్టుకెళ్లనిచ్చాం. ఆ రాత్రి వచ్చిన ఆడవాళ్లంతా దాని వైపే ఓటేశారు.

పైకి ప్రార్థన చెయ్యమంటే పిల్లలు ఏం అడుగుతారో దేవుడికే ఎరుక. ఒకడు సంఘమంతా కళ్లు మూసుకుని ఉండగా "యేసయ్యా, మా గేదె పండక్కి ఈనాలి, పెయ్యదూడే పుట్టాలి, జున్ను మొదట మాకే పెట్టాలి, తర్వాతే మేనత్తకి" అని గడగడా చెప్పి ఆమెన్ అన్నాడు. మేనత్త పక్క వరసలోనే ఉంది. గేదె ఈనింది గానీ దున్నపోతు దూడ పుట్టింది. వాడు తిన్నగా పాస్టరయ్యగారి దగ్గరికెళ్లి "నేను గట్టిగా చెప్పలేదాండీ?" అని అడిగాడు. గట్టిగానే చెప్పావు బాబూ, మీ మేనత్తకి కూడా వినపడింది అన్నారాయన. జున్ను మాత్రం రెండిళ్లకీ సమంగా వెళ్లింది.

అమెరికా నుంచి మిషనువాళ్లకి వాడేసిన క్రిస్మస్ కార్డులు మూటలుగా వచ్చేవి. సండే స్కూలుకి క్రమం తప్పకుండా వచ్చినవాళ్లకి తలా ఒకటి ఇచ్చేవాళ్లం. కార్డు మీద ఇల్లు, చెట్టు, దారి అంతా మంచు. మా పిల్లల్లో కొందరి అమ్మానాన్నలు చినగంజాం కొఠారుల్లో ఉప్పు పనికి వెళ్లేవాళ్లు. ఒక పిల్ల ఆ బొమ్మని చాలాసేపు చూసి, "ఇంత ఉప్పు వానకి తడవకుండా ఎలా కాపాడతారు టీచరమ్మా?" అంది. కొఠారులో ఉప్పు కుప్పల మీద తాటాకు కప్పడం చూసిన పిల్ల మరి. మంచని చెప్పాను. మంచు ఉదయం గడ్డి మీద ఉండేదే కదా, ఇల్లంత పోగు ఎక్కడుంటుందని నమ్మలేదు. దానికి కావాల్సింది ఆ కార్డులో కొమ్మ మీద కూర్చున్న ఎర్రపిట్ట. పండక్కి ఆ పిట్టని తెప్పించమంది. ఆ ఒక్క కోరిక తీర్చడం ఎలాగో తెలియక, గాజుల కొట్టువాడి దగ్గర ఎర్ర ఈకలున్న బుల్లి బొమ్మపిట్ట కొనిచ్చాను. అది ఎగరదని తెలిసినా పెళ్లయి వెళ్లేదాకా దాచుకుంది.

మన పిల్లలే ఇలాగనుకోకు. మీ అత్త అమెరికా నుంచి వచ్చినప్పుడు చెప్పింది. 1944లో న్యూయార్క్ రాష్ట్రంలో స్మిత్‌టౌన్ అనే ఊళ్లో డోనాల్డ్ గార్డ్‌నర్ అనే సంగీతం మాస్టారు, రెండో తరగతి పిల్లల్ని క్రిస్మస్‌కి ఏం కావాలని అడిగాడట. చెబుతున్నవాళ్లలో దాదాపు అందరికీ ముందు పళ్లు లేవు, మాటలన్నీ తుస్సుమంటున్నాయి. ఆయన ఇంటికెళ్లి, క్రిస్మస్‌కి ముందు పళ్లు రెండు కావాలని ఒక పిల్లాడు అడుగుతున్నట్టు పాట కట్టేశాడు. అది దేశమంతా మోగింది. మన దగ్గర ఊడిన పన్నుని పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేవాళ్లం, గుర్తుందా? నువ్వు విసిరిన ముద్ద పక్కింటి వడియాల మీద పడింది. నీకు గుర్తుండదులే, వడియాలు పెట్టినావిడకి గుర్తుంది.

ఇంకోటి. 1953లో ఓక్లహోమా సిటీ పిల్ల, గేలా పీవీ, పదేళ్లది. జాన్ రాక్స్ అనే ఆయన కట్టిన పాట పాడింది, క్రిస్మస్‌కి నాకు నీటిగుర్రమే కావాలని. హైదరాబాదు జూలో నోరు బార్లా తెరిచి నిన్ను హడలగొట్టిందే, అదే. పాటే కదా అని ఊరుకోలేదు ఆ ఊరివాళ్లు. పిల్లలు, పెద్దలు చిల్లర పోగుచేసి నిజంగానే ఒక నీటిగుర్రం పిల్లని తెప్పించి ఆ అమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్ల దాన్ని ఊరి జూకి ఇచ్చేసింది. మటిల్డా అని పేరు. దశాబ్దాలపాటు అక్కడే బతికింది. ఊరంతా కలిసి ఒక చిన్నపిల్ల మాట అంత శ్రద్ధగా విన్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పదిహేను పైసల కార్డు నడిచిన రోజుల్లో మా ఊళ్లో ఒక పిల్ల "యేసయ్యగారు, పరలోకం" అని కార్డు రాసింది. పిన్‌కోడు మన దేశంలో 1972 ఆగస్టు 15న వచ్చింది. కార్డు మీద ఆరు గళ్లుంటాయి కదా, గళ్లు ఖాళీగా వదలకూడదని బళ్లో చెప్పారు. పరలోకం పిన్‌కోడు తెలియక మా ఊరి పిన్‌కోడే రాసేసింది. ఇంకేం, కార్డు మా ఊరి పోస్టాఫీసులోనే తేలింది. పోస్టుమాస్టరు పాస్టరయ్యగారికిచ్చాడు. అందులో ఏముందంటే, "మా చెల్లికి ఆరు నెలలొచ్చినా పేరు లేదు. నాయనమ్మ ఒకటంటుంది, అమ్మమ్మ ఒకటంటుంది. మీరే పెట్టండి, బొమ్మ వద్దు." ముసలమ్మలిద్దరూ సిగ్గుపడ్డారు. క్రిస్మస్ ఆరాధనలోనే బాప్తిస్మం ఇచ్చి పాస్టరయ్యగారు పేరు పెట్టేశారు. కెనడాలో అయితే క్రిస్మస్ తాతకి తపాలా శాఖే ఒక పిన్‌కోడు పెట్టింది. చదివితే తాత నవ్వినట్టు హో హో హో అని వస్తుంది. పిల్లలు రాసిన ఉత్తరాలకి జవాబులు కూడా పంపుతారు. పని కట్టుకుని ఒక దేశపు తపాలా శాఖ పిల్లల మాటకి అడ్రసు ఏర్పాటు చెయ్యడం నాకు మహా ఇష్టం.

మంట తగ్గింది, ఇంకో పుల్ల వెయ్యి. నువ్వూ మీ పాపని తీసుకుని బజారు వెళ్తావు రేపో ఎల్లుండో. బొమ్మల కొట్టు ముందు నిలబెట్టి ఏం కావాలని అడగొద్దు, అక్కడ కనపడిందే అడుగుతుంది. అన్నం కలిపి పెట్టేటప్పుడు అడుగు. అది చెప్పింది నీకు వింతగా తోచినా ఇంకేదో కొనిస్తానని మాట మార్చకు. ఎందుకని మాత్రం అడిగి, చెప్పేదాకా ఆగు. ఆ తర్వాత నాకు ఫోను చేసి అదేం అడిగిందో ఉన్నదున్నట్టు చెప్పు.